ఇసుక మనది, తగవు వాళ్ళది

(రేడియో ప్రసంగ పాఠం)



అప్పగింతలు అనే మాట వినగానే మనకు పెళ్ళిపందిరి గుర్తుకు వస్తుంది. పిల్ల చేతులు పాలలో ముంచి, అత్తమామల చేతుల్లో పెట్టి, "ఇన్నాళ్ళూ మా పిల్ల, ఇకమీదట మీ పిల్ల, కడుపులో పెట్టుకుని చూసుకోండి" అని కళ్ళనీళ్ళతో అప్పగిస్తాము. దానికి ముందు మనం చేసే విచారణ ఇంతా అంతా కాదు. అబ్బాయి ఉద్యోగం నిజమైనదేనా, అత్తగారి నోరు ఎటువంటిది, అడిగి చేసుకుంటున్నారు సరే, ఏ ఆశతో అడుగుతున్నారు? ఇవన్నీ కనుక్కోకుండా పిల్లనిచ్చిన తండ్రిని ఊరంతా తప్పుపడుతుంది.

ఈవేళ నేను చెప్పబోయేది ఇంకో రకం అప్పగింత. ఒక దేశంలో నేరం చేశాడన్న ఆరోపణ వున్న మనిషి మరో దేశంలో వుంటాడు. "వాణ్ణి మాకు అప్పగించండి, మా కోర్టులో విచారణ చేస్తాము" అని మొదటి దేశం అడుగుతుంది. రెండో దేశం ఇవ్వాలా, వద్దా? పత్రికల్లో దీన్ని "నేరస్థుల అప్పగింత" అని రాస్తారు. చూడండి, విచారణ ఇంకా మొదలు కాకముందే మనం ఆ మనిషిని నేరస్థుడనేస్తున్నాము! నిజానికి అప్పటికి అతడు నిందితుడు మాత్రమే.

"పెద్ద పెద్ద దేశాల గొడవలు మనకెందుకమ్మా, పొయ్యిమీద పాలు పొంగిపోతున్నాయి" అనుకుంటున్నారా? పాలు దించి వచ్చి వినండి. మన ఆంధ్ర తీరంలోని ఇసుక కారణంగా ఇటువంటి అప్పగింత కేసు ఒకటి ఎక్కడో ఐరోపాలో, వియన్నా నగరంలో, 11 ఏళ్ళు నడిచింది. 2014లో మొదలై 2025లో తేలింది. తేలిందన్నానే గాని, అందులో మనకు సంబంధించిన ముక్క మాత్రం తేలలేదు. ఆ సంగతే మీతో చెప్పాలని వచ్చాను.

ముందు ఇసుక సంగతి. మా నెల్లూరు వాళ్ళకు సముద్రం కొత్త కాదు. కార్తీకమాసం వచ్చిందంటే మైపాడుకో, కోడూరుకో స్నానానికి బయలుదేరుతాము. మన తీరంలో చాలాచోట్ల, అల వెనక్కు పోయిన జాగాలో, తెల్లటి ఇసుక మీద కాటుక పూసినట్టు నల్లటి చారలు కనబడతాయి. మసి కాదది. బరువైన ఖనిజాలు. ఇల్మనైటు, రూటైలు, జిర్కాను, గార్నెట్టు అని వాటికి పేర్లు. అల తేలిక ఇసుకను లాక్కుపోతుంది, బరువైన రేణువులు ఒడ్డునే నిలిచిపోతాయి. చేటలో బియ్యం చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ నిలిచినట్టు. ఆ ఇల్మనైటులోంచి టైటానియం వస్తుంది. మన గోడలకు వేసే తెల్లరంగుకు ఆ తెల్లదనం ఇచ్చేది దాని పొడే. ఆ లోహం ఉక్కుకంటె ఎంతో తేలిక, బలంలో తీసిపోదు, తుప్పు పట్టదు. అందుకని విమానాలు తయారుచేసే వాళ్ళకు అది బంగారంతో సమానం.

ఇప్పుడు కేసు సంగతి. యుక్రేను దేశంలో ద్మిత్రో ఫిర్తాష్ అని ఒక కోటీశ్వరుడున్నాడు. గ్యాసు వ్యాపారంలో పైకి వచ్చినవాడు. అతని సంస్థల్లో ఒకటి, 2006లో, మన రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి తీరంలోని ఖనిజాలు తవ్వడానికి ఒప్పందం చేసుకున్నది. దానికి రాష్ట్ర ప్రభుత్వమూ, కేంద్ర ప్రభుత్వమూ లైసెన్సులు ఇవ్వాలి. ఆ లైసెన్సుల కోసం ఇక్కడి అధికారులకు కనీసం 1 కోటి 85 లక్షల డాలర్ల లంచం ఇవ్వడానికి కుట్ర జరిగిందని అమెరికా ప్రభుత్వం ఆరోపించింది. ఆ గనుల వ్యాపారం మీద ఏటా 50 కోట్ల డాలర్లకు పైగా రాబడి వస్తుందని వాళ్ళు లెక్కవేసుకున్నారట. టైటానియం కొనదలచిన కంపెనీ ఒకటి చికాగోలో వున్నది. డబ్బు అమెరికా బ్యాంకుల గుండా నడిచిందని కూడా ఆరోపణ. అందువల్ల విచారించే హక్కు మాదేనని చికాగోలోని ప్రభుత్వ న్యాయవాదులు అన్నారు.

మొత్తం ఆరుగురి మీద నేరారోపణ పత్రం 2013 జూన్‌లో తయారయింది. అది 2014 ఏప్రిల్‌లో బయటపెట్టారు. ఆ ఆరుగురిలో మన కె.వి.పి. రామచంద్రరావు గారు ఒకరు. అప్పట్లో ఆయన రాజ్యసభ సభ్యులు; అంతకు ముందు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారికి సలహాదారుగా పనిచేసినవారు. ఆరోపణల్లో నిజం లేదని ఆయన అన్నారు. ఫిర్తాష్ కూడా అదే మాట అన్నాడు. గనుల పథకం కార్యరూపం దాల్చనే లేదు. ఏ కోర్టులోనూ ఏ ఒక్కరి మీదా ఆ నేరం రుజువు కాలేదు. ఈ మాట మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నింద వేరు, రుజువు వేరు.

ఎంత చిత్రమో చూడండి. ఇసుక మనది. లంచం పుచ్చుకున్నారంటున్నది మన అధికారుల్ని. ఇవ్వజూపాడంటున్నది యుక్రేనువాణ్ణి. పట్టుకున్నది ఆస్ట్రియా. అప్పగించమని అడిగింది అమెరికా. ఇంతమంది కూడిన ఈ పంచాయితీలో మన తీరం తరఫున మాట్లాడే మనిషి మాత్రం లేడు.

మరి ఇందులో రాజకీయం ఎక్కడినుంచి వచ్చింది? తేదీలు చూస్తే తెలుస్తుంది. ఫిర్తాష్‌ను అరెస్టు చేయమని అమెరికా మొట్టమొదట 2013 అక్టోబరు 30న ఆస్ట్రియాను కోరింది. సరిగ్గా ఆ రోజుల్లో యుక్రేను అధ్యక్షుడు యానుకోవిచ్ ఐరోపా సమాజంతో ఒప్పందం మీద సంతకం పెడతాడా, రష్యా వైపు మొగ్గుతాడా అని అందరూ ఎదురుచూస్తున్నారు. ఫిర్తాష్ ఆ అధ్యక్షుడికి కావలసినవాడు. కొద్దిరోజులకే అమెరికా తన కోరికను వెనక్కు తీసుకున్నది. తరువాత ఆ అధ్యక్షుడు సంతకం పెట్టలేదు. జనం తిరగబడ్డారు. 2014 ఫిబ్రవరి 22న అతడి పదవి పోయింది. నాలుగు రోజులు తిరగకుండా, ఫిబ్రవరి 26న, అమెరికా మళ్ళీ అదే కోరిక కోరింది. మార్చి 12న వియన్నాలో ఫిర్తాష్ అరెస్టయ్యాడు. 12 కోట్ల 50 లక్షల యూరోల జామీను కట్టి బయటికి వచ్చాడు.

"చూశారా, దొంగను పట్టడానికి కాదు, ఆ అధ్యక్షుణ్ణి లొంగదీయడానికి నన్ను పావుగా వాడుకున్నారు" అన్నది అతని వాదన. 2015 ఏప్రిల్ 30న వియన్నా కోర్టు న్యాయమూర్తి ఆ వాదనను చాలావరకు ఒప్పుకున్నాడు. అమెరికా కోరికలో కొంతైనా రాజకీయ ఉద్దేశం వున్నదనీ, అడిగిన ఆధారాలు కూడా తృప్తికరంగా పంపలేదనీ చెప్పి, అప్పగించడానికి నిరాకరించాడు.

అయితే రెండోవైపు కూడా వినాలి గదా. నేరారోపణ పత్రం తయారైంది 2013 జూన్‌లో అని ఇందాక చెప్పాను. అంటే యుక్రేనులో గొడవలు రేగడానికి ముందే. అందులో చెప్పిన సంగతులు 2006 నాటినుంచి జరిగినవి. మరి ఆ పత్రాన్ని కూడా ఆ గొడవ కోసమే పుట్టించారనడం ఎలా? 2017 ఫిబ్రవరిలో వియన్నా పై కోర్టు, రాజకీయ ఉద్దేశం చాలినంతగా రుజువు కాలేదు, అప్పగించవచ్చు అన్నది. 2019 జూన్‌లో ఆస్ట్రియా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. జూలైలో న్యాయశాఖ మంత్రి సంతకం కూడా పెట్టాడు. ఇక విమానం ఎక్కించడమే తరువాయి అనుకుంటుండగా, ప్రతివాదులు కొత్త కాగితాలు దాఖలు చేశారు. అప్పగింత ఆగిపోయింది. చివరికి 2025 మే నెలలో వియన్నా పై కోర్టు ప్రభుత్వ న్యాయవాదుల అప్పీలు త్రోసిపుచ్చడంతో, అప్పగించరాదన్న నిర్ణయమే నిలిచిపోయింది.

ఇంతా విన్నాక మీరు అడగవచ్చు: "అయితే అతను మంచివాడా, చెడ్డవాడా? అమెరికా చేసింది న్యాయమా, అన్యాయమా?" ఇక్కడే మనం రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేస్తాము.

మన ఇళ్ళల్లో సంగతి చూడండి. పక్కింటావిడకు మనమీద చాలా రోజులుగా కోపం వుందనుకోండి. ఆవిడ ఒకనాడు వచ్చి, "మీవాడు మా జామచెట్టు ఎక్కి కాయలన్నీ కోసుకున్నాడు" అంటుంది. ఆవిడ కోపంతోనే వచ్చింది, నిజమే. అంతమాత్రాన ఆవిడ చెప్పింది అబద్ధమైపోతుందా? మనవాడి జేబులు వెతకాలి గదా! అలాగని, కోపంతో ఊగిపోతున్న ఆవిడ చేతికి పిల్లవాణ్ణి అప్పగించి, "మీ ఇష్టం వచ్చినట్టు దండించుకోండి" అంటామా? అనము. అప్పగించకపోవడం ఒకటి. జేబులు వెతకడం ఒకటి. మొదటిది చేశాము గనుక రెండోది అక్కరలేదనుకుంటే, అది ప్రేమ కాదు, గారాబం.

అప్పగింత చట్టాలన్నీ ఈ తూకం కోసం పుట్టినవే. మన దేశంలో 1962లో అప్పగింత చట్టం వచ్చింది. మామూలుగా ఏ దేశపు కోర్టయినా చూసేవి కొన్ని వున్నాయి. ఆ పని రెండు దేశాల్లోనూ నేరమేనా? విచారణ జరపడానికి తగిన ఆధారం పైకి కనబడుతున్నదా? ఇది రాజకీయ నేరమా, లేక మామూలు నేరం పేరు పెట్టి రాజకీయ కక్ష తీర్చుకోవడానికి అడుగుతున్నారా? ఏ నేరానికని తీసుకుపోతారో ఆ నేరానికే విచారిస్తారా, తీసుకుపోయాక ఇంకోటి అంటగడతారా? ఇవి చూసే న్యాయమూర్తి ఆ మనిషి దోషి అని గాని, నిర్దోషి అని గాని తేల్చడు. పంపవచ్చా, పంపకూడదా అన్నంతవరకే అతని పని.

మన దేశమే ఒకసారి ఈ పరీక్షకు నిలబడింది. 1962 నవంబరులో కలకత్తా రేవులో ఒక సోవియట్ నావికుడు తన ఓడ వదిలి, ఈదుకుంటూ పోయి అమెరికా ఓడ ఎక్కాడు. తారాసోవ్ అతని పేరు. తోటి నావికుల డబ్బు దొంగిలించి పారిపోయాడు, అప్పగించండి అన్నది సోవియట్ ప్రభుత్వం. దొంగతనం కాదు, దేశం వదిలిపోవడమే నా నేరం అన్నాడతను. అప్పుడే మనకు చైనాతో యుద్ధం. సోవియట్ స్నేహం మనకు ఎంతో అవసరమైన సమయం. అయినా ఢిల్లీ మెజిస్ట్రేటు సాక్ష్యం చూశాడు, చాలలేదన్నాడు, 1963లో అతన్ని విడిచిపెట్టాడు. స్నేహం స్నేహమే, సాక్ష్యం సాక్ష్యమే.

మనం అడిగేవాళ్ళమై, మనకు దక్కిన కేసు కూడా ఒకటుంది. అందులో మనిషి మన తెలుగువాడే, జయంతి ధర్మతేజ. 1961లో జయంతి షిప్పింగ్ కంపెనీ పెట్టి, ప్రభుత్వ నిధినుంచి 20 కోట్ల రూపాయల అప్పు తీసుకుని ఓడలు కొన్నాడు. లెక్కల్లో అవకతవకలు బయటపడి 1966లో కంపెనీ నిర్వహణను ప్రభుత్వం తీసుకునేసరికి ఆయన విదేశాల్లో వున్నాడు. కోస్టారికా దేశం ఆయనకు దౌత్య పాస్‌పోర్టు ఇచ్చింది. 1970లో లండనులో పట్టుబడినప్పుడు ఆ పాస్‌పోర్టు చూపించి, నన్ను ముట్టుకోరాదన్నాడు. పాస్‌పోర్టు చేతిలో వున్నంత మాత్రాన దౌత్యవేత్త అయిపోరు, ఈ దేశం ఒప్పుకోవాలి అని లండను కోర్టు చెప్పింది. ఇక్కడికి తెచ్చారు. 1972లో ఢిల్లీలో మూడేళ్ళ శిక్ష పడింది. అంత పలుకుబడి గల మనిషి విషయంలోనూ, కోర్టు పలుకుబడి పక్కనబెట్టి చట్టమే చూసింది.

మనం అడిగితే దక్కని కేసూ వుంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలమందిని పొట్టనబెట్టుకున్నది. యూనియన్ కార్బైడ్ అధిపతి వారెన్ ఆండర్సన్ ఇక్కడ అరెస్టయి, జామీను మీద విడుదలై, అమెరికా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. 2003లో మన ప్రభుత్వం అప్పగించమని అడిగింది. ఆధారాలు చాలవని 2004లో అమెరికా నిరాకరించింది. 2014 సెప్టెంబరులో అతడు అమెరికాలోనే చనిపోయాడు. సరిగ్గా ఆ ఏడే, మన అధికారులకు లంచం ఇవ్వజూపాడని ఫిర్తాష్‌ను అప్పగించమని అమెరికా వియన్నాలో అడుగుతున్నది! మన ఇసుక విషయంలో అంత పట్టుదల, మన ప్రాణాల విషయంలో లేకపోయిందే అని కడుపు మండకుండా వుంటుందా చెప్పండి?

మండుతుంది. కాని ఆ మంటలో కూడా మనం తూకం తప్పకూడదు. ఆండర్సన్‌ను ఇవ్వని అమెరికా అడిగింది గనుక, లంచం ఆరోపణ అబద్ధమైపోదు. అమెరికా ఆరోపించింది గనుక నిజమైపోదు కూడా. వియన్నా కోర్టు అన్నది "పంపము" అని. "జరగలేదు" అని కాదు. లంచం నిజంగా చేతులు మారిందా, మారితే ఎవరి చేతికి వెళ్ళింది, లేక అంతా కట్టుకథా? ఈ ప్రశ్నకు 11 ఏళ్ళ వ్యాజ్యంలో జవాబు రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న వియన్నాది కాదు, మనది. నింద పడిన వాళ్ళకు కూడా అది న్యాయం కాదు సుమా. నేరం చేయనివాడికి, చేయలేదని తేలే రోజు ఒకటి రావాలి. ఆ రోజు రాకపోతే నింద జీవితాంతం నీడలా వెంటే వుంటుంది.

అసలు మన ఇసుక లైసెన్సుల మీద మన దేశంలో విచారణ జరగడానికి ఎవరినీ ఎక్కడికీ అప్పగించనక్కరలేదు. ఫైళ్ళు ఇక్కడివే. సంతకాలు ఇక్కడివే. సముద్రం ఇక్కడిదే. పరాయి దేశంవాడి ఉద్దేశాలు శంకించడం తేలిక. మన ఇంట్లో మనం జేబులు వెతుక్కోవడమే కష్టం.

తీరంలో గని వస్తే ముందు నష్టపోయేది ఎవరు? ఆ ఇసుక మీద వలలు ఆరబెట్టుకునే పల్లెకారులు. తెల్లవారకముందే గంపలు నెత్తిన పెట్టుకుని మన వీధిలోకి వచ్చి "చేపలమ్మా" అని కేకవేసే ఆడవాళ్ళు. ఇసుకదిబ్బ తవ్వేస్తే తుఫాను నీరు ముందు చొరబడేది వాళ్ళ గుడిసెల్లోకే. మనం వాళ్ళ దగ్గర చేపలు బేరం చేస్తాము గాని, వాళ్ళ ఒడ్డును ఎవరికి ఇస్తున్నారో ఎన్నడైనా అడిగామా?

అడగడానికి దారులున్నాయి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఒక అర్జీ పెట్టి, ఫలానా తీరంలో ఎవరికి, ఎన్ని ఎకరాలు, ఏ షరతుల మీద ఇచ్చారో తెలుసుకోవచ్చు. పెద్ద గనుల్లో చాలావాటికి అనుమతి ఇచ్చే ముందు జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపుతారు. ఆ ప్రకటన పత్రికల్లో వస్తుంది. మనం ఆ పేజీ తిప్పేసి వంటల పేజీ దగ్గర ఆగుతాము. ఈసారి ఒక్క నిమిషం అక్కడ కూడా ఆగండి. ఆ సభకు మహిళామండలి తరఫున నలుగురు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నా చాలు, ముందు వరసలో మాట్లాడే వాళ్ళ గొంతు మారుతుంది.

ఇకమీదట పత్రికలో అప్పగింత కేసు ఏదైనా కనబడితే, మీ పిల్లలతో కూర్చుని ఈ నాలుగు ప్రశ్నలూ వేసి చూడండి. అడిగేవాళ్ళు ఎందుకు అడుగుతున్నారు? ఇప్పుడే ఎందుకు అడుగుతున్నారు? ఆధారం ఏమి చూపించారు? పంపినా, పంపకపోయినా, నష్టపోయినవాళ్ళకు జవాబు చెప్పేదెవరు? మొదటి మూడూ కోర్టులు చూసుకుంటాయి. నాలుగోది ఎవరూ చూడరు. అది మనం చూడాలి.

పాలు చల్లారిపోయి వుంటాయి. తోడు వేసుకోండి. సెలవు.